తెర మీద తిరిగే నంబరు

నా ఫోన్ నంబరు విశ్వేశ్వరరావు సార్ బట్టతల మీదుగా ఎన్నిసార్లు నడిచిపోయిందో లెక్కలేదు. పాఠం మొదలైన దగ్గర్నుంచి అయిపోయేదాకా ఒకసారి ఆయన నుదుటి మీద, ఒకసారి బోర్డు మీద, ఒకసారి కింద మూలన, బూడిద రంగులో నా పది అంకెలు తేలుతూనే ఉండేవి. కోచింగ్ యాప్ వాళ్ళు చేసిన ఏర్పాటు అది. కోర్సు ఎవరు కొంటే వాళ్ళ నంబరు వాళ్ళ తెర మీద తిరుగుతుంది. పాఠాన్ని ఎవరైనా దొంగచాటుగా కాపీ తీస్తే అది ఎవరి దగ్గర్నుంచి పోయిందో పట్టేయొచ్చు. మొదట్లో ముఖం మీద ఈగ వాలినట్టు చిరాకేసేది, తర్వాత అలవాటైపోయింది. ఆ నంబరు ఇప్పుడు నా దగ్గర లేదు. ఆ సిమ్మూ, నా లాప్‌టాపూ పోలీసుల దగ్గర సీలు వేసిన కవర్లలో ఉన్నాయి.

ఆ ఎండాకాలం మొదట్లో నేను గ్రూప్స్ రాస్తానన్నాను. మాది మన్సూరాబాద్. ఇల్లు మా అత్తమ్మ కిష్టమ్మది, మాట కూడా ఆమెదే. ఒకరోజు చింతపండు గింజలు తీస్తూ తీస్తూ తీర్పు చెప్పేసింది.

“ఈ ఒక్కసారి రాయి బిడ్డా. నౌకరొచ్చిందా, మంచిదే. రాలేదనుకో, యోగితోని షాపుల కూసో. మళ్ల సదువు సదువు అని పుస్తకాలు ముందటేస్కుంటే మాత్రం నేనూకోను.”

“ఒక్కసారి చాలు అత్తమ్మా. నేను కొడ్త,” అన్నాను.

“కొడ్తవో, కొట్టించుకుంటవో చూద్దాం,” అని నవ్వింది. నేనూ నవ్వాను. అప్పట్లో ఆ ఇంట్లో నవ్వులకు కొదవ లేదు.

కోర్సు డబ్బు కట్టింది మా ఆయన యోగేందర్. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్టేషన్ వెనక సందులో ఆయనకు సెల్ షాపు ఉంది. కవర్లు, చార్జర్లు, స్క్రీన్ గార్డులు అమ్ముతాడు. షాపు ముందు పాత బోర్డు ఒకటి ఇంకా వేలాడుతూ ఉంటుంది, ‘ఇచ్చట పాటలు, సినిమాలు లోడింగ్ చేయబడును’ అని. నెట్ చవక కాకముందు అదే అసలు వ్యాపారం. జనం మెమరీ కార్డు తెచ్చి ఇస్తే చాయ తాగి వచ్చేలోపు నింపి ఇచ్చేవాడు. మా పెళ్లి ఖాయమయ్యాక ఆయన నాకిచ్చిన మొదటి కానుక కూడా మెమరీ కార్డే. నిండా పాటలు. అవి ఎవరివి, ఎవరిని అడిగి ఎక్కించావు అని ఆ సందులో ఎవరూ ఎవరినీ అడగరు.

“కోర్సు నీ నంబర్ మీదనే తీస్కుందాం. ఓటీపీలు నీకే ఒస్తయ్, మళ్ల నన్ను అడిగే పని లేదు,” అన్నాడు. ఎంత ఆలోచన ఉందీ మనిషికి అని మురిసిపోయాను. చెప్పుకుంటే సిగ్గుచేటు, నిజంగానే మురిసిపోయాను.

మా పాప సెలవులకు చౌటుప్పల్‌లో మా అమ్మ దగ్గరికి వెళ్లింది. మధ్యాహ్నం వంట ముగించి, ముందు గదిలో కూలర్ పెట్టుకుని, లాప్‌టాప్ తెరిచి కూర్చునేదాన్ని. యోగేందర్ అన్నానికి వచ్చేవాడు. అంతకుముందు డబ్బా కట్టించుకుని పోయే మనిషి, ఆ ఎండాకాలం రోజూ ఇంటికే వచ్చాడు. ఒకరోజు వస్తూ వస్తూ ఒక పొడుగాటి స్టాండు తెచ్చాడు. దానికి షాపులోని పాత ఫోను ఒకటి బిగించి నా లాప్‌టాప్ ముందు నిలబెట్టాడు.

“గిదేంది?”

“కోర్సు గడువు అయిపోతే నీకు మళ్ల పాఠాలు ఓపెన్ కావు కద. లాప్‌టాప్‌ల రికార్డ్ కొడ్తె తెర నల్లగైతున్నది. గందుకని ఎదురుంగ ఫోన్ పెట్టి తీస్తున్న. పరీక్ష ముందట ఎప్పుడంటే అప్పుడు చూస్కోవచ్చు నువ్వు.”

“తీయొద్దని రాసిండ్రు కద యాప్‌ల?”

“నీ పైసలు, నీ పాఠం. ఇంట్ల పెట్టుకొని చూస్తె ఎవరికి నొప్పి?”

నాకది సబబుగానే తోచింది. ఆ తర్వాత రోజూ అదే వరస. అన్నం తిని చెయ్యి కడుక్కుని, ఫోను సరిచేసి, పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. రాజ్యాంగం ఆయనకు ఏమన్నా అర్థమవుతుందా! అయినా కూర్చునేవాడు. ఒక మధ్యాహ్నం ఎండదెబ్బకు తల పగిలిపోతోంది, ప్రాథమిక హక్కుల పాఠం నడుస్తోంది. కళ్ళు మూతలు పడుతుంటే తల మీద చెయ్యి వేశాడు.

“నువ్వు పండుకో పల్లవీ. నేనున్న కద,” అన్నాడు.

చాప మీద అలాగే పడుకున్నాను. లేచేసరికి పాఠం అయిపోయింది, ఫోను, స్టాండు సర్దేసి ఆయన షాపుకు పోయాడు. నా తలాపున గ్లాసులో మజ్జిగ మూతపెట్టి ఉంది. మర్నాడు, పొద్దునపూట నేను పోయే రీడింగ్ రూములో నా పక్కన చదువుకునే వాళ్ళందరికీ ఆ మజ్జిగ సంగతి చెప్పుకున్నాను. “మొగుడంటే గట్లుండాలె అక్కా,” అని వాళ్ళన్నారు. దిష్టి తగులుతుందేమో అని కూడా అనుకున్నాను, పిచ్చిదాన్ని.

వానలు ఇంకా పడలేదు. పరీక్ష దగ్గర పడింది. ఒకరోజు పొద్దున యాప్ తెరిస్తే తెరుచుకోలేదు. ‘మీ ఖాతా నిలిపివేయబడింది, కార్యాలయాన్ని సంప్రదించండి’ అని ఎర్ర అక్షరాల్లో వచ్చింది. ఫోన్ చేస్తే ఎవరో అమ్మాయి, “మేడమ్, మీరొకసారి ఆఫీసుకు రండి. ఫోన్‌లో చెప్పేది కాదు,” అని పెట్టేసింది.

నాకు కోపం వస్తే ఆగదు. ఇంటి నుంచి ఎల్బీనగర్ చౌరస్తా దాకా ఆటోలో, అక్కణ్ణుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు మెట్రోలో, దారి పొడుగునా ఏమేం అనాలో నోట్లోనే అనుకుంటూ పోయాను. కోచింగ్ సెంటర్ మెట్లెక్కి రిసెప్షన్లో ఆగకుండా నేరుగా విశ్వేశ్వరరావు సార్ గదిలోకి దూరాను. అంతవరకూ ఆయన్ని తెర మీద చూడటమే. మనిషి ఎదురుగా చిన్నగా, బక్కగా ఉన్నాడు. గుంటూరు వైపు మనిషి, ఎంత చిన్నవాళ్ళనైనా ‘మీరు’ అంటాడని విన్నాను.

“సార్, నా పేరు పల్లవి. పరీక్ష నెత్తి మీద పెట్టుకొని అకౌంట్ బంద్ చేస్తరా? పైసలు కట్టలేదా మేం? మీ యాప్‌ల ఏమన్న తప్పుంటే అది మీరు చూస్కోవాలె, నా గొంతు మీదికి తెస్తె ఎట్ల?”

“కూర్చోండమ్మా,” అన్నాడాయన. “ముందు మంచినీళ్ళు తాగండి.”

“నీళ్ళొద్దు సార్. జవాబు చెప్పండి.”

ఆయన తన ఫోను తీసి టేబుల్ మీద నా వైపు తిప్పిపెట్టాడు. టెలిగ్రామ్‌లో ఎవరో పెట్టిన వీడియో. సార్ బోర్డు ముందు నిలబడి పాఠం చెబుతున్నాడు. కొంచెం వంకరగా, కొంచెం మసకగా ఉంది. బూడిద రంగు నంబరు ఆయన తల మీదుగా మెల్లగా పోతోంది. నాదే.

“మా కోర్సు మొత్తం ఉందమ్మా అందులో. వేలమంది చూస్తున్నారు. పెన్‌డ్రైవుల్లో కూడా అమ్ముతున్నారట, ఇక్కడే, మన సందుల్లోనే. ఒక్కో పాఠం తయారు చేయడానికి నేనెంత చదవాలో, ఎన్ని తీర్పులు తిరగెయ్యాలో మీకు తెలుసు, మీరూ చదువుతున్నారు కాబట్టి. ఈ ఏడు క్లాసులో సగం బెంచీలు ఖాళీ.”

“నేను కాదు సార్! నా నంబర్ ఎవడో వాడుకున్నడు. హ్యాక్ చేసిండ్రేమో. మా అత్తమ్మ మీద ఒట్టు, నేనెవరికీ పాస్‌వర్డ్ కూడ చెప్పలే.”

“మీరు చేశారని నేనూ అనుకోవట్లేదమ్మా. కొంచెం వినండి.” ఆయన సౌండు పెంచాడు.

విన్నాను. సార్ గొంతు వెనక కూలర్ గరగర. అది మా కూలరే, రెక్క తగిలి మధ్యమధ్య టక్కుమంటుంది. సందులోంచి ఉల్లిగడ్డల ఆటో మైకు. తర్వాత లోపల్నుంచి ఆడమనిషి కేక, “యోగీ, మజ్జిగ తాగుతవారా?” ఆ తర్వాత ఇంకా దగ్గరగా, ఫోను పక్కనే, మెత్తగా, “నువ్వు పండుకో పల్లవీ. నేనున్న కద.”

“చాలు సార్,” అన్నాను. “ఆపండి.”

ఆయన ఆపాడు. నా ముఖం చూడలేక కాబోలు, టేబుల్ మీది కాగితాలు సర్దుతూ కూర్చున్నాడు.

“పేరు కూడా వినబడుతోందమ్మా,” అన్నాడు. “నేను ముందే విన్నాను. కానీ నంబరు మీది, పేరు మీది. మేనేజ్‌మెంటు వాళ్ళు కంప్లైంట్ ఇచ్చేశారు. నా చేతుల్లో ఏం లేదు.”

అప్పుడు మంచినీళ్ళు అడిగి తాగాను. ‘వస్తాను సార్’ అని కూడా చెప్పకుండా లేచి వచ్చేశానని తర్వాత గుర్తొచ్చింది.

మా షాపు అక్కడికి రెండు సందుల అవతలే. ఎండ నెత్తిన కొడుతోంది. ఫుట్‌పాత్ నిండా చెప్పుల బండ్లు, చున్నీల బండ్లు. నడుస్తున్నంతసేపూ ఒకటే మాట తిరుగుతోంది. ఎవరికో ఇచ్చి ఉంటాడు, వాడెవడో మోసం చేసి ఉంటాడు, ఈయనకు తెలిసి ఉండదు. ఆ మాట నిజం కావాలని మైసమ్మ తల్లికి మొక్కుకున్నాను కూడా.

షాపు ముందు హాస్టల్ అమ్మాయిలు ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకామె చేతిలో పెన్‌డ్రైవు.

“అన్నా, విశ్వేశ్వరరావు సార్ పాలిటీ ఫుల్ కోర్స్ ఉందంట కద?”

యోగేందర్ చెయ్యి చాచి పెన్‌డ్రైవు అందుకుంటూ తలెత్తాడు. వాళ్ళ వెనక నేను.

“ఉంది చెల్లె,” అన్నాను నేనే. “మస్తు క్లియర్‌గ ఉంది. నా నంబర్‌తోని, నా పేరుతోని సహా ఉంది. మా అత్తమ్మ మజ్జిగ కూడ ఉంది అండ్ల.”

పాపం ఆ పిల్లలకు ఏమీ అర్థం కాలేదు. పెన్‌డ్రైవు తీసుకుని జారుకున్నారు. ఆయన ముఖం పాలిపోయింది.

“లోపటికి రా. రోడ్డు మీద లొల్లి పెట్టకు.”

“నేను రాను. ఇక్కడ్నే చెప్పు. నాకోసం తీస్తున్నవనుకున్న. ఊరందరికోసం తీసినవా?”

“మొదలు నీకోసమే తీసిన. అమ్మతోడు. తర్వాత ఒకడొచ్చి అడిగిండు, ఇచ్చిన. వాని దోస్తు ఒచ్చిండు. గట్ల గట్ల... షాపు నడుస్తలేదు పల్లవీ, నీకేం ఎర్క? కవర్లు కూడ అందరు ఆన్‌లైన్‌ల కొంటున్నరు. టెలిగ్రామ్‌ల మాత్రం నేను పెట్టలే. కొనుక్కపోయినోడు ఎవడో పెట్టిండు.”

“నా నంబర్ తిరుగుతుంటది కద బొమ్మ మీద. కనబడలేదా నీకు?”

ఆయన చార్జర్ వైరు ఒకటి తీసి చుట్టసాగాడు.

“నిన్నే అడుగుతున్న. కనబడలేదా?”

“కనబడ్డది.”

“మరి?”

“నీ నంబరే కద అనుకున్న. నువ్వేమన్న దుకానం నడుపుతున్నవా, నిన్నెవరడుగుతరు?”

కొట్టినా అంత బాధ ఉండేది కాదు. ఆయన ఆ మాట నన్ను నొప్పించాలని అనలేదు, అదే నాకు మరీ మండింది. కూరగాయల్లో పుచ్చు తీసి పక్కన పడేసినంత మామూలుగా అన్నాడు. కౌంటర్ మీద వరసగా పేర్చిన స్క్రీన్ గార్డుల పెట్టెల్ని చేత్తో ఒక్క తోపు తోశాను. అవి కింద పడి చెల్లాచెదురయ్యాయి. ఏరుకోనిచ్చి వచ్చేశాను.

నోటీసు ఇంటికే వచ్చింది. కానిస్టేబుల్ గేటు దగ్గర నిలబడి నా పేరు గట్టిగా పిలిచి సంతకం పెట్టించుకున్నాడు. కేసు నమోదైంది, ఫలానా రోజు విచారణకు హాజరు కావాలి, వాడిన ఫోను, లాప్‌టాప్ తీసుకురావాలి. పక్కింటి మేడ మీద బట్టలారేస్తున్నవాళ్ళు ఆరేయడం ఆపి చూశారు. మా ఆయన పేరు ఆ కాగితంలో ఎక్కడా లేదు.

ఆ సాయంత్రం యోగేందర్ తన చిన్ననాటి దోస్తు రాఘవేంద్రను వెంటబెట్టుకొచ్చాడు. ఎల్బీనగర్‌లో జిల్లా కోర్టులో వకీలు. నన్ను చెల్లె అని పిలుస్తాడు, నేను అన్నా అంటాను. అత్తమ్మ చాయ పెట్టింది. నోటీసు రెండుసార్లు చదివి ఆయన కళ్ళజోడు తీశాడు.

“కాపీరైట్ చట్టం, అరవై మూడో సెక్షన్. రుజువైతే ఆర్నెల్ల నుంచి మూడేండ్ల దాక జైలు, దాని మీద జుర్మానా. ఉత్తుత్తి కేసు కాదిది.”

“జైలా!” అత్తమ్మ అక్కడే కూలబడింది.

“ఒక సందు ఉన్నది,” అన్నాడు రాఘవేంద్ర. నా వైపు చూడకుండా యోగేందర్‌తో చెప్పాడు. “లాభానికి, వ్యాపారంగ చేసినట్టు తేలితే జడ్జి ఆర్నెల్లకు తగ్గించేటందుకు లేదు. వ్యాపారం కాదు అంటే తగ్గించొచ్చు. నువ్వు చేసినవంటే షాపుంది, కౌంటరుంది, అమ్మినోళ్ళున్నరు, కొన్నోళ్ళున్నరు. నువ్వు తప్పించుకోలేవు. అదే ఇంట్ల ఉండే ఆడమనిషి సదువుకోనీకె రికార్డ్ చేసుకున్నది, పెన్‌డ్రైవ్ యాడ్నో పడిపోయింది, ఎవనికో దొరికింది అంటే... అది వేరే కథ. అండ్ల లాభం లేదు, వ్యాపారం లేదు. కేసు నిలబడుడే కష్టం.”

కూలర్ రెక్క టక్కుమంటోంది. అందరూ నన్ను చూస్తున్నారని తలెత్తకుండానే తెలిసింది.

“అన్నా, నన్ను ఒక్కటి అడగనియ్యి,” అన్నాను. “నేను ఈ పరీక్ష పాసైన అనుకో. నా మీద ఈ కేసుంటె నాకు నౌకరి ఇస్తరా?”

రాఘవేంద్ర కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. “పోలీస్ వెరిఫికేషన్‌ల ఒస్తది చెల్లె. కేసు తేలేదాక ఆపుతరు. ఇయ్యకపోవచ్చు కూడ. అబద్ధం చెప్పి ధైర్యం ఇయ్యలేను.”

“ఎన్నేండ్లకు తేలుతది?”

“మూడేండ్లు. అయిదేండ్లు కూడ కావచ్చు.”

అత్తమ్మ లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె నా చెయ్యి అలా పట్టుకోవడం అదే మొదటిసారి.

“నువ్వే ఒప్పుకో బిడ్డా. ఆడమనిషివి, నిన్నేం జేస్తరు? ఏడిస్తె ఇడిసిపెడ్తరు. వాడు లోపటికి పోతే షాపు మూతబడ్తది, ఇల్లెట్ల నడుస్తది, పాప ఇస్కూలుకెట్ల పోతది? జర ఆలోచించు.”

“నా నౌకరి అత్తమ్మా?”

“నౌకరి ఇంకా ఒచ్చిందా ఏంది? రాని నౌకరి కోసం మొగన్ని జైల్ల పెడ్తవా?”

నేను యోగేందర్ వైపు చూశాను. ఒక్క మాట అంటాడని చూశాను. ‘వద్దమ్మా, చేసింది నేను’ అని అంటే, ఆ ఒక్క మాట నోట్లోంచి వస్తే, దేవుడి సాక్షిగా నేనే పోయి నా నెత్తిన వేసుకునేదాన్ని. నాకు కావాల్సింది ఆ మాటే. ఆయన చాయ కప్పు అంచు వేలితో రుద్దుతూ కూర్చున్నాడు. “పల్లవి సమజ్‌దార్ అమ్మా,” అన్నాడు చివరికి. “తనకు చెప్పేదేముంది.”

రాఘవేంద్ర పోయాక నేను పెరట్లో అంట్లు తోముతుంటే ఆయన వచ్చి గడప మీద నిలబడ్డాడు.

“నా మీద కోపం ఉంటదని తెలుసు. కానీ నువ్వు స్టేషన్ల ఒంటరిగ ఉండవ్. నేను బయట్నే కూసుంట. భయపడకు, నేనున్న కద.”

ఆ మాట వినేసరికి చేతిలో గిన్నె అలాగే వదిలేసి లోపలికి పోయాను. వీడియోలో ఆయన గొంతు కూడా పడిందని చెప్పలేదు. ఆ తర్వాత రెండు రోజులు ఆయనతో మాట్లాడనే లేదు. ఆయన దాన్ని ఒప్పుకోవడం అనుకున్నాడు. అత్తమ్మ కూడా అదే అనుకుని నాకిష్టమని గంగవాయిలి కూర పప్పు వండింది.

విచారణ రోజు పొద్దున్నే బండి తీశాడు. ఫోను, లాప్‌టాపు సంచీలో పెట్టుకుని వెనక కూర్చున్నాను. చౌరస్తా ఫ్లైఓవర్ దాటుతుంటే ముందుకు చూస్తూనే నాచేత పాఠం అప్పజెప్పించాడు.

“ఏమంటవ్ లోపల?”

“నేనే రికార్డ్ చేసిన అంట.”

“ఎందుకు?”

“చదువుకోనీకె.”

“పెన్‌డ్రైవ్?”

“యాడ్నో పడిపోయింది.”

“మంచిది. గంతే. ఎక్కువ మాట్లాడకు, నీకు నోరాగదు.”

స్టేషన్ దగ్గర బండి స్టాండేసి, “బ్యాగ్ ఇటియ్యి, లోపల పరేషాన్ అయితవ్,” అని నా భుజం మీంచి హ్యాండ్‌బ్యాగ్ తీసుకున్నాడు. నా నీళ్ళ సీసా కూడా తనే పట్టుకున్నాడు. వసారాలో గోడ పక్క బెంచీ మీద కూర్చుని, నన్ను లోపలికి పొమ్మని తలూపాడు.

ఎస్సై ఆడామె. పేరు పలక మీద స్వప్న అని ఉంది. నా ఈడే ఉంటుంది. నోటీసు, ఆధార్ చూసి కుర్చీ చూపించింది. టేబుల్ మీద నా నంబరుతో ఉన్న వీడియో బొమ్మలు అచ్చు తీసిన కాగితాలు ఉన్నాయి.

“గ్రూప్స్‌కు చదువుతున్నరా?” అంది.

“అవును మేడమ్.”

“నేనూ దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్‌లనే ఉండి చదివిన. మెస్ తిండికి అల్సర్ కూడ వచ్చింది.” కొంచెం నవ్వింది. వెంటనే ముఖం మామూలుగా పెట్టుకుంది. “చూడమ్మా, మీరు చెప్పేది రాసుకుంట. రాసుకున్నంక మార్చొద్దు. ఇసొంటి కేసులు ఏండ్లు పడ్తయి. మీ పేరు ఒక్కసారి ఎక్కిందంటే తేలేదాక అట్లనే ఉంటది. సమజ్ అయితున్నదా?”

“అయితున్నది మేడమ్.”

“ఈ నంబర్ మీదేనా?”

“నాదే.”

“కోర్సు కొన్నది మీరేనా?”

“నేనే.”

“రికార్డ్ చేసింది?”

‘నేనే’ అనాలి. నాలుక చివరే ఉంది ఆ మాట. పాప బడి గుర్తొచ్చింది. అత్తమ్మ ఒళ్ళో నా చెయ్యి గుర్తొచ్చింది. గంగవాయిలి కూర కూడా గుర్తొచ్చింది. తల దించుకున్నాను. ఏమనుకుందో, ఆమె కంప్యూటర్ తన వైపు తిప్పుకుని ఒక వీడియో పెట్టింది.

“ఇది వినండి ముందు.”

విశ్వేశ్వరరావు సార్ ప్రాథమిక హక్కుల పాఠం. కూలర్. ఉల్లిగడ్డల ఆటో. అత్తమ్మ కేక. ఆమె సౌండు పెంచింది. గది నిండా, తలుపు దాటి వసారా దాకా వినబడేలా, ఆ మెత్తటి గొంతు.

“నువ్వు పండుకో పల్లవీ. నేనున్న కద.”

ఆమె బొమ్మ ఆపేసింది. “మీరు పడుకున్నరు. ఫోన్ దగ్గర ఇంకొకరున్నరు. ఎవరమ్మా ఇతను?”

తెరిచి ఉన్న తలుపులోంచి బెంచీ కనిపిస్తోంది. ఆయన ఆ గొంతు విన్నాడు. లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు. నా వైపు చూసి, వద్దన్నట్టు చెయ్యి కొంచెమే ఊపాడు.

“బయట బెంచీ మీద కూసున్నడు మేడమ్,” అన్నాను. “నా హ్యాండ్‌బ్యాగ్ పట్టుకొని.”